రాయమల్లు బిళ్ళ

లాంప్ రూం కిటికీ ముందు వరుసలో నిలబడి ఉన్నాం, ముందు బానక్క, వెనక నేను, ఉన్నది ఇద్దరమే, అయినా వరుస కదలడం లేదు, కిటికీ అవతల జానీమియా ఇత్తడి బిళ్ళలు ఒక్కొక్కటే మేకులకు తగిలించి, మళ్ళీ తీసి, మళ్ళీ తగిలిస్తున్నాడు. జానీమియా పోయి తొమ్మిదేళ్ళు. బానక్క పోయి ఇవాల్టికి సరిగ్గా ఏడాది. వాళ్ళు పోయారని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు, ఎవరమూ ఆ మాట ఎత్తడం లేదు, ఎందుకంటే ఇక్కడ తేలాల్సిన లెక్క అది కాదు.

మా నల్లవాగులో బొగ్గుగనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. బాయి దిగే ప్రతి మనిషికీ ఒక నెంబరు బిళ్ళ ఉంటుంది. దిగేటప్పుడు లాంప్ రూంలో టోపీ దీపంతో పాటు దాన్ని తీసుకుని జేబులో వేసుకుని పోతాడు, ఎక్కి వచ్చాక మేకుకు తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ముప్పై ఏళ్ళు ఆ మేకులకు కాపలా కాసినవాడు జానీమియా.

"ఒకటి తక్కువున్నది," అంటాడు తలెత్తకుండా. "లెక్క కలిసేదాక ఎవల్నీ పైకి ఇడువ."

వెనక్కి తిరిగి చూస్తే తలుపు లేదు, తలుపు ఉండాల్సిన చోట రెండు దుంగల మీద నల్ల బండ ఆని ఉంది, దాని నుంచి నీటిచుక్క నా మెడ మీద పడి వీపులోకి జారుతోంది, అంటే లాంప్ రూమే బాయిలోకి దిగి వచ్చిందన్నమాట, నేను దిగినట్టు మాత్రం గుర్తు లేదు. నిటారుగా నిలబడితే తలకు బండ తగులుతుంది. నాకు సాయంత్రం ఆరింటికి సభ ఉందని జానీమియాకు చెబుతాను, మూడు బాటల కాడ ఈ బానక్క విగ్రహమే తెరుస్తున్నారని, బాయిలో పోయినవాళ్ళ మస్టర్ పిలవాల్సింది నేనేనని, నేను పోకపోతే జనం ఊరికే కూర్చుని ఉంటారని చెబుతాను. ఆయన అన్నీ విని మర్యాదగా తల ఊపి, తీసిన బిళ్ళను మళ్ళీ మేకుకు పెడతాడు.

విగ్రహం అనగానే బానక్క ఇటు తిరుగుతుంది. ఏడాదిగా మట్టిలో ఉన్న మొహం కాదు, నలభై ఏళ్ళ వయసు నాటి మొహం, ముక్కుపుల్ల పక్కన బొగ్గు నలుసుతో సహా. ఒళ్ళో బ్యాంజో సరిగ్గా పెట్టారా అని అడుగుతుంది. నేను నీళ్ళు నమలను, ఉన్నది చెబుతాను. చెక్కినవాడు బ్యాంజో ఎన్నడూ చూడలేదట, కమిటీ వాళ్ళు తీగల పెట్టె అని చెబితే వీణ చెక్కి పంపాడు, వెనక్కి పంపే టైము లేదు.

"వీణనా? నేనేమన్న సరస్వతినా, నల్లవాగు దొడ్డికాడ బట్టలుతికినదాన్ని," అని నవ్వుతుంది బానక్క. ఆ నవ్వుకు పైనుంచి రెండు పెళ్ళలు రాలుతాయి.

ఆమె ఒళ్ళో ఇప్పుడు అసలుది ఉంది. మా దగ్గర బ్యాంజో అంటే నేల మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకునే చెక్కపెట్టె, ఎడమ చేత్తో టైపు మిషన్‌కు ఉన్నట్టుండే మీటలు నొక్కాలి, కుడి చేత్తో తీగలు గీకాలి. కవ్వాలీ పాడేవాళ్ళ వాద్యం అది. జానీమియా తన పాతది, సగం మీటలు ఊడిపోయినదాన్ని, బానక్కకు ఇచ్చాడు, పక్కపక్క క్వార్టర్లు కాబట్టి, ఆమె గోడ అవతల నుంచి రోజూ వింటూ తప్పు పడిన చోట కేకేసేది కాబట్టి. ఊడినవి ఎలాగూ ఊడాయి, మిగతావి కూడా పీకి పారేసింది ఆమె. వట్టి వేళ్ళతో తీగ నొక్కి, కుడి చేతి మూడు వేళ్ళతో గిల్లడం మొదలుపెట్టింది. బొగ్గు టబ్బులు లాగే ఇనుపతాడు ఎట్లా పరుగెత్తుతుందో అట్లా పరుగెత్తేది ఆ చెయ్యి. మొగాళ్ళు బాగా నవ్వారు. రాయమల్లు పెళ్ళాం టైపు నేర్చుకుంటోంది, ఇక ఆఫీసులో కుర్చీ వేస్తారు అన్నారు. రెండేళ్ళు తిరగకుండా అదే మొగాళ్ళు సమ్మె టెంటులో ఆమె ముందు గొంతుక్కూర్చుని విన్నారు. ఇప్పుడు పెళ్ళి బారాత్‌లో, ఓట్ల బండి మీద, ఎక్కడ విన్నా ఆ మూడు వేళ్ళ దెబ్బే, వాయించేవాడికి బానక్క ఎవరో తెలియదు, తెలిసినవాడు చెప్పడు. ఈ సంగతి మీద నేను పాతిక సభల్లో అరిచాను. అరవడం నాకు వచ్చు. అరవకూడని సంగతి ఒకటి కడుపులో పెట్టుకుని మిగతావన్నీ అరిచాను.

"అది కాదు తక్కువున్నది," అంటాడు జానీమియా, నేను పైకేమీ అనకపోయినా. మేకుల వరుసలో ఒకదాని మీద వేలు పెట్టి చూపిస్తాడు. మేకు ఖాళీగా లేదు. బిళ్ళ ఉంది. దాని మీద నెంబరు నాకు చూడకుండానే తెలుసు, ఏడో నెంబరు బాయి, మూడు వందల పన్నెండు, జాడి రాయమల్లు.

"బిళ్ళున్నది, మనిషి లేడు. గిట్లెట్లయితది?" అంటాడు ఆయన.

నేను బానక్క వైపు చూస్తాను, ఆమె అక్కడ లేదు, లాంప్ రూమూ లేదు, ఇది ఆమె క్వార్టరు, రెండు గదులదే, కానీ కప్పు ఇంకా బండే, దుంగలూ అవే, పొయ్యి మీద చాయ్ మరుగుతోంది, కిటికీ తెరవబోతే బొగ్గు గోడ. ఆమె నాకు గ్లాసు ఇచ్చి పీట జరుపుతుంది. ఇరవై ఆరేళ్ళ కింద ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడు కూడా ఇట్లాగే ఎదురెదురుగా పీటల మీద కూర్చున్నాం, కాకపోతే అప్పుడు చాయ్ లేదు.

ఆ రోజు ఏడో నెంబరులో బండ పడి ఐదుగురు పోయారు. బయటికి తెచ్చినవి మనుషుల్లా లేవు, జేబుల్లో బిళ్ళలు చూసి పేర్లు రాశారు. మూడు వందల పన్నెండు బిళ్ళ ఉన్న శవం రాయమల్లుది అని రాశారు. రాయమల్లు ముందు రాత్రి పెళ్ళిలో తాగి ఆ పొద్దు లేవలేక ఇంట్లో పడుకున్నాడు, మస్టర్, అంటే ఆ రోజు హాజరు, పోకుండా తన బిళ్ళ ఇచ్చి మా తమ్ముణ్ణి దింపాడు. ఒకరి బిళ్ళ మీద ఒకరు దిగడం నల్లవాగులో కొత్త కాదు, షిఫ్టు చూసే సర్దారుకు తెలుసు, జానీమియాకు తెలుసు, అందరూ చూడనట్టు ఉండేవారు. మా తమ్ముడు ఓదెలుకు ఇరవై రెండేళ్ళు. కంపెనీ పుస్తకంలో వాడి పేరు ఎక్కడా లేదు.

సైరన్ మోగేసరికి బానక్క మొగుణ్ణి వెనక గోడ దూకించి నది అవతలికి తోలేసింది, అతను మళ్ళీ నల్లవాగు మొహం చూడలేదు. సాయంత్రం మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. ఓదెలు పేరు చెబితే వాడు లోపలికి దొంగతనంగా దిగినట్టు రాస్తారని, మా అమ్మకూ పరిహారం ఏమీ రాదని, తన నలుగురు పిల్లలకూ ఏమీ రాదని చెప్పింది. అది అబద్ధం కాదు, అదే నన్ను పట్టుకుంది. అబద్ధమైతే తిట్టి పంపేదాన్ని. సరే అన్నాను. మర్నాడు మా తమ్ముడి చితికి బానక్క పెద్దకొడుకు శ్రీశైలం నిప్పు పెట్టాడు, నేను వాడకట్టు ఆడవాళ్ళతో నాలుగో వరుసలో నిలబడి, ఎవరో పక్కింటివాడు పోతే ఎంత ఏడవాలో అంత ఏడ్చి వచ్చాను. తండ్రి నౌకరి శ్రీశైలానికి వచ్చింది. ఓదెలు బట్టల మిల్లు పనికి భివండి పోయాడని అమ్మకు చెప్పాను.

"చాయ్ సల్లారుతున్నది," అంటుంది బానక్క.

గ్లాసులో చూస్తే బాయి నీళ్ళు, పైన బొగ్గు పొడి తేలుతోంది. తాగకుండా కింద పెడతాను. ఇవాళ నేను ఏం చెయ్యబోతున్నానో ఆమెకు తెలిసిపోయినట్టుంది, సంగతి పక్కకు తిప్పి, తన కోడలు ఎట్లా ఉంది, కూతురి కాన్పు అయిందా అని అడుగుతుంది, నేనూ జవాబులు చెబుతాను, చెబుతూ ఉండగానే పీటల కింద చెక్కలు పరుచుకుంటాయి, ఎదురుగా జనం కూర్చుని ఉంటారు, ఇది సభ, కానీ జనం అందరి తలల మీదా టోపీ దీపాలు, మొహాలు కనపడవు, దీపాలే, అన్నీ మా మీదికి.

మస్టర్ అంటే బానక్క తెచ్చిన పద్ధతి. ఆ ఐదుగురు పోయినప్పటి నుంచి ప్రతి సభా ఆమె అట్లాగే మొదలుపెట్టేది. బాయిలో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచేది, పేరుకొక తీగ దెబ్బ, జనం అంతా ఒక్క గొంతుతో "ఉన్న" అనేవాళ్ళు. ఏడో నెంబరు పేర్లు చివర్న వచ్చేవి. నలుగురి పేర్లు అయ్యాక ఒక వట్టి దెబ్బ కొట్టేది, పేరు లేకుండా, తీగ మోగి ఆరిపోయేదాకా ఆగేది, ఆ తర్వాత జాడి రాయమల్లు అని పిలిచేది. మొగుడి పేరు నోటికి రాక ఆగుతుంది అనుకునేవాళ్ళు జనం, ఆడవాళ్ళు అక్కడే కొంగు కళ్ళకు పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ వట్టి దెబ్బ కూడా ఊరూరా పోయింది. ఏ పాటలోనైనా చివరి చరణం ముందు బ్యాంజోవాడు ఒక దెబ్బ కొట్టి ఆగుతాడు. అందం కోసం అనుకుంటాడు.

"గా దెబ్బ ఓదెలుది, ఎల్లీ," అంటుంది బానక్క నన్ను పేరుపెట్టి, దీపాల వైపు చూస్తూ. "ఒక్క సభ గూడ ఇడువలే. అందరి ముంగట పిలిచిన వాన్ని."

నాకు కరగాలి అనిపించదు. ఒళ్ళు మండుతుంది.

"తీగ మీద కొడితే పేరయితదా అక్కా? మా అమ్మకు వినపడ్డదా నీ దెబ్బ?"

నేను ఆగలేను. అమ్మ ఎట్లా పోయిందో ఆమెకు తెలియనట్టు మొత్తం చెబుతాను, భివండి నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ ఆపి అడిగేదని, ఒకడు ముసలిదానికి సంతోషం కలగాలని, చూశానవ్వా, మంచిగ ఒళ్ళు చేసిండు, నౌకరి చేసుకుంటున్నడు అన్నాడని, ఆ రోజు నుంచి అమ్మ ఏడవడం మాని తిట్టడం మొదలుపెట్టిందని చెబుతాను. కన్నతల్లి గుర్తులేని ముండకొడుకు అంది. వాడి పేరెత్తితే ఉమ్మేది. చివరి రోజుల్లో నీళ్ళు పోస్తుంటే కూడా, వాడు వస్తే నా శవం ముట్టనియ్యకు అని నాతో ఒట్టు వేయించుకుంది. నేను వేశాను. చచ్చినవాడి మీద ఒట్టు. అప్పటికే ఏడేళ్ళ కిందట చచ్చిన తమ్ముణ్ణి నా తల్లి తిడుతూ పోతుంటే నోరు మూసుకుని కూర్చున్న ఆడదాన్ని నేను, ఊళ్ళో అందరికీ నోరు నేర్పుతానని పేరున్నదాన్ని.

"నోరు నీక్కూడ ఉండె గద," అంటుంది బానక్క, కోపంగా కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టు. "నేను రాయమల్లు అని పిలిస్తే అందరికన్న ముంగట ఉన్న అన్న గొంతు ఎవలది?"

నాదే. ఆమె వెనక నిలబడి కోరస్ అందుకునేదాన్ని నేను, నేను అంటేనే జనం అందుకునేది. ఇరవై ఐదేళ్ళు, ఎన్ని సభలు, ప్రతిసారీ వాణ్ణి బండ కింద పెట్టి ఇంకొకడి పేరు మీద హాజరు వేయించింది నేనే. దీపాలు కొంచెం కొంచెం దగ్గరికి జరుగుతున్నాయి. స్టేజి దిగడానికి మెట్లు లేవు, నాలుగు వైపులా తడిమి చూస్తాను, మెట్లున్న చోటల్లా దుంగలు, దుంగలు కొద్దిగా వంగి ఉన్నాయి.

బానక్క అప్పుడు అసలు మాట అంటుంది. శ్రీశైలానికి ఇంకా పద్నాలుగేళ్ళ సర్వీసు ఉంది, తండ్రి బాయిలో పోయాడన్న కాగితం మీద వచ్చిన నౌకరి అది, ఇవాళ వెయ్యి మంది ముందు నేను ఇంకో పేరు పిలిస్తే వాణ్ణి పిలిచి కాగితాలు తిరగేస్తారు, వాడికేమీ తెలియదు, తండ్రి చితికే నిప్పు పెట్టాననుకుంటున్నాడు.

"ఇంకో పద్నాలుగేండ్లు ఆగు. సచ్చినోల్లకు పద్నాలుగేండ్లెంత," అంటుంది.

"మరి నువ్వెందుకు ఈ వరుసల నిలబడ్డవు? ఏడాదాయె. నీకెంతో అనిపిస్తలేదా?"

ఆమె చెయ్యి తీగల మీద ఉంది, మూడు వేళ్ళు ఆడుతున్నాయి, చప్పుడు రావడం లేదు. వాటినే చూస్తూ అంటుంది, "పైకి పోదామంటే జానీమియా అడుగుతున్నడు, ఎవల మనిషివి అని. రాయమల్లు పెండ్లాన్నంటే, బిళ్ళ మీద మనిషి వేరేనాయె అంటడు. నేనేం జెప్పాలె?"

ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఏదైనా అడగడం ఇది రెండోసారి. మొదటిసారి అడిగింది ఇచ్చేశాను.

దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి, మళ్ళీ లాంప్ రూమే, ఇంకా ఇరుకు, కప్పు ఎంత కిందికి వచ్చిందంటే మేం ముగ్గురం మోకాళ్ళ మీద ఉన్నాం, జానీమియా చేతిలో పుస్తకం, మస్టర్ ఆయనే పిలుస్తున్నాడు. మూల గోడకు ఆనుకుని ఐదుగురు కూర్చుని ఉన్నారు, మా వైపు వీపులు. నలుగురు తమ పేరు రాగానే లేచి, వంగి, నన్ను దాటి ఎటో పోతారు, వాళ్ళు పోయిన వైపు నుంచి గాలి తగులుతుంది, నేనూ అటు పోబోతే అక్కడ బండ. ఐదోవాడు కూర్చునే ఉన్నాడు. టోపీ వాడిది కాదు, పెద్దది, చెవుల మీదికి దిగి ఉంది.

"జాడి రాయమల్లు," అని పిలుస్తాడు జానీమియా.

వాడు కదలడు. అందరూ నా వైపు చూస్తారు, ఉన్న అనాల్సింది నేను, అలవాటుగా పెదవులు విడిపడుతున్నాయి కూడా. ఒక్క మాట అంటే జానీమియా టిక్కు పెడతాడు, బానక్క వరుస కదులుతుంది, నేను ఆరింటికల్లా సభలో ఉంటాను, శ్రీశైలం రేపు డ్యూటీకి పోతాడు, ఎవరికీ ఏమీ కాదు. ఇంత తేలిక. ఇంత తేలికైనది ఇరవై ఆరేళ్ళు మోశాను. బండ నా వీపు మీద ఆనింది.

ఆ ఐదోవాడు తల తిప్పకుండానే అడుగుతాడు, సందు చివర చాయ్ దుకాణం కాడ నిలబడి అడిగినంత మామూలుగా.

"అక్కా, అమ్మ తిట్టుడు బంద్ జేసిందా?"

జానీమియా మళ్ళీ పిలుస్తాడు, జాడి రాయమల్లు. బానక్క వేళ్ళు ఆగిపోతాయి. పిలువు అని చెప్పదు, వద్దు అనీ చెప్పదు, బ్యాంజోను ఒళ్ళో నుంచి తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ ఖాళీగా మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంటుంది. ఆమె ఆ పెట్టెను పక్కన పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఛాతీలో గాలి లేదు, ఉన్నంతలో పిలుస్తాను. ఓదెలూ. గొంతులో బొగ్గు పొడి, మాట బయటికి రాదు. మళ్ళీ పిలుస్తాను. గొమాస ఓదెలూ. టోపీ కొంచెం కదులుతుంది. మూడోసారి నా బలమంతా పెట్టి పిలుస్తాను, పైన బండ పగిలిన చప్పుడు, దడదడమని, ఆగకుండా,

సభకు పోతున్న బస్సు ఆగి ఉంది. రైల్వే గేటు పడింది, ముందు బొగ్గు వ్యాగన్లు పోతున్నాయి, ఎప్పటికీ అయిపోనన్ని. మధ్యాహ్నం మూడు దాటినట్టుంది, నా పక్క కిటికీ అద్దం ఇరుక్కుపోయి రావడం లేదు, రవిక తడిసి వీపుకు అంటుకుంది. ముందు సీట్లో ఇద్దరు మెడ తిప్పి నన్నే చూస్తున్నారు. పక్కన కూర్చున్న ఆవిడ, ఒళ్ళో టమాటాల సంచి పెట్టుకున్నావిడ, నల్లవాగు నుంచీ నాతో ఒక్క మాట మాట్లాడనావిడ, నా భుజం మీద చెయ్యి వేసి ఉంది. నిద్రలో గట్టిగా పిలుస్తున్నానట, మూడుసార్లు, డ్రైవర్‌కు కూడా వినపడిందట.

"ఓదెలు ఎవలమ్మా?" అని అడుగుతుంది.

ఈ ఇరవై ఆరేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. భివండిలో ఉంటాడు అనే మాట నాలుక మీదికి వచ్చింది, అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మింగాను.

"మా తమ్ముడు," అన్నాను. "బాయిల బండ పడి సచ్చిండు."

ఆమె అయ్యో అనలేదు. సంచి కాళ్ళ దగ్గర దింపి, నా వైపు పూర్తిగా తిరిగి కూర్చుని, మా బొగ్గూళ్ళలో ఎవరైనా మొదట అడిగేదే అడిగింది.

"ఏ బాయి?"